తగ్గింది సరే, మందు వల్లేనా?

తెల్లవారుజామున మంచం మీద కుడిపక్కకి ఒత్తిగిలగానే పైన ఫ్యాను, కిటికీ, గోడ మీది వెంకన్న క్యాలెండరు అన్నీ కలిసి గిర్రున తిరుగుతాయి. అర నిమిషం కళ్లు గట్టిగా మూసుకుని మంచం పట్టె పట్టుకుంటే సద్దుమణుగుతుంది. లేవబోతే మళ్లీ అదే వరస. చెన్నై చూళైలో తరాలుగా ఉంటున్న ఏ తెలుగింట్లోనైనా అరవై దాటిన ఆవిడకి ఇలా జరిగితే, ఆ తర్వాతి కథ దాదాపు ముందే చెప్పేయొచ్చు. కోడలు ‘పైత్యం చేసింది అత్తయ్యా’ అని నిమ్మరసం కలిపిస్తుంది. పక్కింటి తమిళావిడ ‘పిత్తం దాన్’ అని అదే మాటను తన భాషలో ఖాయం చేస్తుంది. సాయంత్రం వీధి చివరి డాక్టరు బీపీ చూసి, రోజుకు మూడు చొప్పున బీటాహిస్టిన్ అనే చిన్న తెల్లబిళ్లలు రాస్తాడు. వారం తర్వాత మెడ ఎక్స్‌రే తీయిస్తే ‘ఎముక అరిగింది’ అంటారు, మెడకో పట్టీ పడుతుంది. నెల తిరిగేసరికి తిరుగుడు పోతుంది. నిమ్మరసం ఇచ్చిన కోడలు, బిళ్లలు రాసిన డాక్టరు, పట్టీ వేయించిన ఎముకల డాక్టరు, ఎవరికి వాళ్లు తమ వల్లే తగ్గిందనుకుంటారు. ముగ్గురి వల్లా కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

లోపలి చెవి జబ్బులతో ఉన్న పేచీ ఇదే. వీటిలో చాలావాటికి ఎగుడుదిగుళ్లు సహజం. మనిషి డాక్టరు దగ్గరికి పరిగెత్తేది బాధ కొండకొమ్మున ఉన్నప్పుడు. కొమ్ము మీంచి ఎటు అడుగేసినా దిగుడే కదా. ఆ దిగుడు వేళకి చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. అందుకే కళ్లు తిరగడం, చెవిలో హోరు, ఉన్నట్టుండి వచ్చే చెవుడు, ఈ మూడింటి విషయంలో ‘నాకు పనిచేసింది’ అన్న మాటకి విలువ చాలా తక్కువ. మందు వేసుకున్నవాళ్లనీ, అచ్చం మందులాగే కనబడే ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లనీ పక్కపక్కన పెట్టి, ఎవరికేది అందిందో రోగికీ డాక్టరుకీ తెలియకుండా చూస్తే తప్ప నిజం బయటపడదు. అలాంటి ప్రయోగాలన్నిటినీ పోగుచేసి, తూకం వేసి చెప్పే పని 1993 నుంచి కాక్రేన్ అనే సంస్థ చేస్తోంది. చిత్తూరు వైపువాళ్లకి పెద్ద జబ్బంటే గుర్తొచ్చే వేలూరు సీఎంసీలోనే దాని దక్షిణాసియా కేంద్రం ఏళ్లతరబడి పనిచేసింది.

తూకానికి ముందు మాట తేలాలి. తెలుగులో ‘కళ్లు తిరిగాయి’ అంటే గది తిరిగినట్టనిపించడం కావచ్చు, స్పృహ తప్పబోవడం కావచ్చు, నడుస్తుంటే తూలడం కావచ్చు. తమిళంలో ‘మయక్కం’ కూడా ఇంతే వదులు మాట. నెల్లూరు నుంచో నాయుడుపేట నుంచో రైలు దిగి, సెంట్రల్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రిలో వచ్చీరాని తమిళంలో ‘మయక్కం వరుదు’ అన్న మనిషిని డాక్టరు మూర్ఛపోయే కేసుగా లెక్కేసి ఈసీజీకీ షుగరు పరీక్షకీ పంపితే తప్పు పట్టలేం. ‘తల సుత్తుదు’ అని ఉంటే దారి వేరుగా ఉండేది. అసలు మాటకన్నా రెండు ప్రశ్నలు నయం: ఎంతసేపు ఉంటోంది, దేనితో మొదలవుతోంది? పక్క మీద ఒత్తిగిలితే వచ్చి నిమిషంలోపు పోయేది ఒక జబ్బు. చెవి దిబ్బడ వేసి, హోరెత్తి, 20 నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా గది తిరిగితే అది మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. రోజుల తరబడి ఆగకుండా తిరిగితే సమతుల్యత నరం వాపు కావచ్చు, మెదడులో స్ట్రోక్ కూడా కావచ్చు. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడంతో కలిసి వచ్చేది మైగ్రేన్ కుటుంబానిది. మన దగ్గర ఎక్కువగా డాక్టర్ల కంట పడకుండా పోయేది ఈ చివరిదే.

మొదటిదాన్ని డాక్టర్లు బీపీపీవీ అంటారు. చూళైలో ఆవిడకున్నది అదే. లోపలి చెవిలో ఒక చిన్న సంచి, దానిలో జిగురు పొర మీద సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్ కణికలు అతుక్కుని ఉంటాయి. వయసు వల్లో, దెబ్బ వల్లో కొన్ని ఊడి, పక్కనున్న అర్ధవలయపు గొట్టాల్లోకి, ముఖ్యంగా వెనక గొట్టంలోకి జారతాయి. తల కదిపినప్పుడు అవి దొర్లి లోపలి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ఇంకా తిరుగుతోందని మెదడుకి కబురు వెళుతుంది. చికిత్స అంటే ఆ కణికల్ని వచ్చిన దారినే బయటికి దొర్లించడం. అద్దం కింద గోళీని అటూ ఇటూ వంచి గుంటలో వేసే పిల్లల ఆటడబ్బా ఉంటుంది చూడండి, సరిగ్గా ఆ పద్ధతే. అమెరికాలో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు దీన్ని కనిపెట్టాడు. తోటివాళ్లు చాలాకాలం నమ్మలేదు. 1992లో ఆయన వ్యాసం వచ్చాక గాని కుదురుకోలేదు.

ఆవిడ కుడిచెవికే ఆ ఇబ్బంది అనుకుందాం. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు కుడికి తిప్పి, డాక్టరు రెండు చేతులతో పట్టుకుని ఒక్క ఊపులో వెనక్కి పడుకోబెడతాడు. తల మంచం అంచు దాటి కొంచెం కిందికి వేలాడాలి. రెండు మూడు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత కళ్లు తమంతట తామే గింగిరాలు కొట్టడం మొదలెడతాయి. ఆవిడ డాక్టరు చొక్కా పట్టేసుకుంటుంది. ఇక్కడిదాకా పరీక్ష, 1952లో డిక్స్, హాల్‌పైక్ రాసిపెట్టింది. కంటి ఊపు ఆగాక అర నిమిషం ఆగి, తలని 90 డిగ్రీలు ఎడమకి తిప్పుతారు. మళ్లీ ఆగి, ఒళ్లంతా ఎడమ భుజం మీదికి దొర్లించి, ముక్కు నేలకేసి చూసేలా ఉంచుతారు. మళ్లీ ఆగి, మెల్లగా లేపి కూర్చోబెడతారు. మొత్తం 5 నిమిషాలు. మంచం, రెండు చేతులు తప్ప సామగ్రి అక్కర్లేదు. మెడకి నిజంగా జబ్బున్నవాళ్లకి మాత్రం పద్ధతి మార్చి చేయాలి కాబట్టి మొదటిసారి సొంతంగా ప్రయత్నించడం మంచిది కాదు.

దీనికి సాక్ష్యం? 2014 కాక్రేన్ సమీక్షలో 11 ప్రయోగాలు, 745 మంది రోగులు. ఉత్తుత్తిగా తల తిప్పినవాళ్లలోనూ, ఇతర పోలిక గుంపుల్లోనూ తిరుగుడు పూర్తిగా పోయింది 21 శాతం మందికి. ఎప్లీ పద్ధతి చేసినవాళ్లలో 56 శాతం మందికి. ఆ 21 శాతం అంకె దగ్గర కాస్త ఆగాలి. వాళ్లకి అసలు చికిత్సే జరగలేదు, అయినా తగ్గింది. నిమ్మరసానికీ మెడపట్టీకీ పేరొచ్చేది ఆ 21 శాతం నుంచే. ఇంకోటి కూడా దాచకూడదు: చికిత్స తర్వాత 36 శాతం మందికి మళ్లీ వచ్చింది. మళ్లీ వస్తే మళ్లీ అదే 5 నిమిషాలు.

మరి బిళ్లల సంగతి? బీపీపీవీకి తిరుగుడు అణిచే మందులు మామూలుగా ఇవ్వొద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల సంఘం 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రతివాళ్లకీ స్కానింగ్ తీయించొద్దని కూడా చెప్పింది. కారణం తెలిసిందే: గొట్టంలో దొర్లే రాయిని బిళ్ల కరిగించలేదు. మెడ అరుగుదల కథ ఇంతకన్నా బలహీనం. అరవై దాటిన మెడల ఎక్స్‌రేలో అరుగుదల కనబడకపోతేనే వింత. కనబడిందల్లా కారణమైపోదు.

బీటాహిస్టిన్ వాడకం మీద అసలు చర్చ మెనియర్స్ జబ్బు దగ్గర. ఇండియాలో, యూరప్‌లో దీన్ని మంచినీళ్లలా రాస్తారు. అమెరికాలో అమ్మకానికి అనుమతి లేదు. జర్మనీలో 221 మంది రోగుల మీద 9 నెలలు చేసిన ప్రయోగం 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒక గుంపుకి రోజుకి 24 మిల్లీగ్రాములవి రెండు, ఇంకో గుంపుకి 48 మిల్లీగ్రాముల చొప్పున మూడుపూటలా, మూడో గుంపుకి ఉత్తుత్తి బిళ్ల. దాడులు తగ్గాయి. మూడు గుంపుల్లోనూ తగ్గాయి, ఒకేలా తగ్గాయి. ఈ వ్యాసంలో ఒక్క ప్రయోగాన్నే గుర్తుపెట్టుకోవాలంటే ఇది చాలు. ఉత్తుత్తి బిళ్ల గుంపు లేకపోయి ఉంటే, ‘9 నెలల్లో దాడులు బాగా తగ్గించిన మందు’ అని అదే ప్రయోగం పోస్టర్లెక్కేది. మొండి మెనియర్స్‌కి చెవిపొర గుండా లోపలికి ఇచ్చే సూదుల మీద 2016లోనే లాన్సెట్‌లో 60 మంది ప్రయోగం వచ్చింది. జెంటామైసిన్, స్టెరాయిడ్ రెండూ దాడుల్ని దాదాపు సమానంగా తగ్గించాయి. జెంటామైసిన్ సమతుల్యత కణాల్ని చంపే మందు, వినికిడిని కూడా తినేయగలదు కాబట్టి స్టెరాయిడ్ వైపు మొగ్గడం సబబే. కానీ అక్కడా ఉత్తుత్తి సూది గుంపు లేదన్నది మరిచిపోకూడదు.

బీటాహిస్టిన్ పెద్దగా చెడు చేసే మందు కాదు, దండగ ఖర్చంతే. తిరుగుడు అణిచే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ మాత్రం నెలల తరబడి మింగాల్సినవి కావు. వాంతులు, తిరుగుడు భరించలేని రెండు మూడు రోజులకి సరే. పాత చీటీ చూపించి మందులషాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకునే పెద్దవాళ్లలో ఇవి చేతులు వణికించి, నడక బిగదీసి, అచ్చం పార్కిన్సన్స్‌లా కనబడే స్థితి తెస్తాయి. పైగా దెబ్బతిన్న సమతుల్యతకి మెదడు అలవాటుపడే పనిని మత్తు అడ్డుకుంటుంది. ఆ అలవాటు చేయించేవి వ్యాయామాలు: చూపు ఒకచోట నిలిపి తల అటూ ఇటూ తిప్పడం, కళ్లు మూసుకుని నిలబడడం, మెత్తటి పరుపు మీద నడవడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో తలకి దెబ్బలు తగిలిన సైనికుల కోసం కాథార్న్, కుక్సీ అనే ఇద్దరు మొదలెట్టారు. 2015 కాక్రేన్ సమీక్ష 39 ప్రయోగాలు, 2,441 మందిని చూసి, ఒకవైపు చెవి దెబ్బతిన్నవాళ్లకి ఇవి సురక్షితం, ఫలితం ఉందని తేల్చింది. మొదటి వారం తిరుగుడు ఇంకాస్త పెరిగినట్టుంటుంది. చాలామంది అక్కడే మానేసి బిళ్లకి తిరిగొస్తారు.

ఒక్క సందర్భంలో ఈ తర్కాలన్నీ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. గది ఆగకుండా తిరుగుతూ, మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, పట్టుకున్నా నిలబడలేకపోయినా, కొత్తగా తీవ్రమైన తలనొప్పి వచ్చినా అది చెవి కాకపోవచ్చు. ఇక్కడ స్కానింగ్ మీద మనకున్న భక్తికి చిన్న దెబ్బ: 2009లో వచ్చిన 101 మంది అధ్యయనంలో, శిక్షణ ఉన్న డాక్టరు మంచం పక్కన చేసే మూడు కంటి పరీక్షలు స్ట్రోక్‌లన్నిటినీ పట్టాయి. మొదట తీసిన ఎంఆర్ఐ మాత్రం స్ట్రోక్ రోగుల్లో 12 శాతం మందికి ఏమీ లేదని చెప్పింది.

చెవిలో హోరుది ఇంకో రకం చిక్కు. గుయ్‌మని, జుమ్మని, కుక్కర్ ఆవిరిలా, కీచురాయిలా, ఎవరి వర్ణన వాళ్లది. బయట చప్పుడు లేకపోయినా వినబడుతుంది. చాలామందిలో దీని వెనక వినికిడి లోపం ఉంటుంది: చెవి నుంచి రావాల్సిన కబురు తగ్గితే మెదడు వాల్యూం పెంచుకుంటుంది, ఆ ఖాళీ రేడియో గరగరే హోరు అని ఇప్పటి అవగాహన. పగలు మౌంట్ రోడ్డు రొదలో గుర్తురాదు, రాత్రి లైటు తీయగానే మొదలవుతుంది.

దీనికి బజారులో దొరికే బిళ్లల్లో ముందువరస జింకో ఆకుసారం. 2001లో బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా చేరిన ప్రయోగంలో, 489 జంటల్ని వయసు, ఆడామగా వగైరా చూసి జతకట్టి పోల్చారు. 12 వారాల తర్వాత జింకోకీ ఉత్తుత్తి బిళ్లకీ తేడా లేదు. తర్వాతి కాక్రేన్ సమీక్షలదీ అదే మాట. బీటాహిస్టిన్ హోరుకి కూడా పనిచేయలేదు. జింక్, మెలటోనిన్ కూడా సిఫారసు చేయొద్దని 2014 అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి. నాలుక మీద సన్నటి కరెంటు, చెవిలో శబ్దం కలిపి ఇచ్చే లెనైర్ అనే యంత్రానికి 2023లో అమెరికా అనుమతి దొరికింది. అయితే 326 మందితో చేసిన దాని పెద్ద ప్రయోగంలో అందరికీ ఏదో ఒక రకం ఉద్దీపన అందింది, వట్టి యంత్రం పెట్టుకున్న గుంపు లేదు. జర్మనీ మెనియర్స్ కథ చదివాక ఆ లోటు చిన్నదనిపించదు.

హోరు విషయంలో గట్టి సాక్ష్యం ఉన్నది మాటల చికిత్సకి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. 2020 కాక్రేన్ సమీక్షలో 28 ప్రయోగాలు, 2,733 మంది. హోరు వల్ల బతుకు మీద పడే బరువు తగ్గింది. హోరు తగ్గుతుందని మాత్రం అది చెప్పదు. ఇది వినగానే ‘అంటే నాది మనసు జబ్బా?’ అని ముఖం ముడుచుకునేవాళ్లే ఎక్కువ, వాళ్లని తప్పు పట్టలేం కూడా. గడియారం టిక్కుటిక్కు ఇంట్లో రోజంతా మోగుతూనే ఉంటుంది, ప్రమాదం కాదని తెలుసు గనక మెదడు పట్టించుకోదు. హోరుని ఆ గడియారం జాబితాలో చేర్చడమే ఈ చికిత్స పని. మాటలతో చేసేది గనక భాష కుదరాలి. అర్ధరాత్రి భయాన్ని సగం తెలిసిన తమిళంలోనో ఆఫీసు ఇంగ్లీషులోనో చెప్పుకోవడం కష్టం. వినికిడి తగ్గినవాళ్లకి చెవి మిషన్ పెట్టడం కూడా హోరుని వెనక్కి నెట్టొచ్చు. ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా ఉన్నా ముందు పరీక్ష చేయించాలి, ఓర్చుకోవడం తర్వాత.

వినబడకపోవడానికి అతి చౌక కారణం గులిమి. కాటన్‌పుల్లతో పొడిచి లోపలికి దట్టించేది మనమే. గులిమి మెత్తబరిచే ఖరీదైన చుక్కలకీ మామూలు ఉప్పునీటికీ తేడా ఉందని 2018 సమీక్షలో తేలలేదు. చెవిపొరకి చిల్లు ఉందో లేదో చూడకుండా కాచిన వెల్లుల్లి నూనె పోయడం మాత్రం మానాలి. చీము కారే చెవికి పొర అతికే ఆపరేషన్, చెవి ఎముక బిగిసినవాళ్లకి స్టేపిస్ ఆపరేషన్ ఎప్పటినుంచో నిలదొక్కుకున్నవి, వాటి మీద పెద్ద తగాదా లేదు.

తగాదా అంతా రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి చచ్చుబడిపోయే కేసు మీదే. 72 గంటల్లోపు కనీసం 30 డెసిబెల్స్ పడిపోతే దాన్ని హఠాత్తు చెవుడు అంటారు. ‘జలుబు పట్టేసింది’ అని వారం ఆగిపోతారు. వెంటనే స్టెరాయిడ్ మొదలెట్టడం అన్నిచోట్లా వాడుక. నిజాయితీగా చెప్పాలంటే ఆ వాడుక కింద ఉన్న సాక్ష్యం పలచనిది. మందు లేకుండానే మూడోవంతు నుంచి సగానికి పైగా ఎంతోకొంత కోలుకుంటారని పాత లెక్కలు చెబుతాయి. డోసు పెంచితే మేలేమో అని జర్మనీలో 325 మంది మీద చూశారు. 2024లో వచ్చిన ఫలితం, పెద్ద డోసు వల్ల అదనపు లాభం లేదని. అలాంటప్పుడు బీటాహిస్టిన్‌ని కాదని దీన్ని ఎందుకు ఒప్పుకోవాలి? పందెం లెక్క వేరు గనక. ఆ వేళ దాటిపోతే పోయిన వినికిడి ఇక తిరిగి రాకపోవచ్చు, రెండు వారాల స్టెరాయిడ్ ముప్పు చాలామందికి తక్కువ. షుగరున్నవాళ్లకి తక్కువ కాదు, మన ఇళ్లలో వాళ్లు తక్కువా కాదు. అందుకే చెవిపొర ద్వారా ఇచ్చే సూది గురించి అడగాలి: 2011లో 250 మంది ప్రయోగంలో అది నోటి మాత్రకి తీసిపోలేదని తేలింది.

పుట్టు చెవుడు సంగతి వేరే వ్యాసమంత ఉంది. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో దాని వాటా చిన్నది కాదు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు అన్నది లెక్క. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకంలో ఆరేళ్లలోపు పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి యంత్రం) ఉంది. దాని ఫలితానికి ఉత్తుత్తి గుంపు అవసరం పడదు. పుట్టుకతో పూర్తిగా వినబడని పిల్లల్లో అది దానంతటది బాగుపడే జబ్బు కాదు. ఓటోఫెర్లిన్ అనే ఒక్క జన్యువు లోపంతో పుట్టిన ఆరుగురు పిల్లలకి చైనాలో జన్యుచికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో లాన్సెట్ ప్రచురించింది. వయసు మీద, రొద వల్ల పోయిన కేశకణాల్ని (లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు) తిరిగి మొలిపిస్తుందని ఆశపెట్టిన ఎఫ్ఎక్స్-322 అనే మందు మాత్రం 2023లో ఉత్తుత్తి సూదిని దాటలేక ఆగిపోయింది. ఫోనులో ‘నరాలు మళ్లీ మొలుస్తాయి’ అంటూ వచ్చే తైలం ప్రకటనల పక్కన ఈ రెండు వార్తలూ పెట్టి చూడొచ్చు.

పెద్దవయసు చెవుడికి మిగిలింది చెవి మిషనే. రోజువారీ సంభాషణకి, బతుకు నాణ్యతకి అది మేలు చేస్తుందని 2017 కాక్రేన్ సమీక్ష 5 ప్రయోగాల నుంచి తేల్చింది. మతిమరుపు కూడా ఆపుతుందని షాపులవాళ్లు చెప్పేది మాత్రం సగం మాట. 2023లో 977 మంది పెద్దవాళ్ల మీద వచ్చిన ప్రయోగంలో మొత్తమ్మీద తేడా కనబడలేదు. ముందే ముప్పు ఎక్కువున్న గుంపులోనే మూడేళ్లలో మేధోక్షీణత 48 శాతం నెమ్మదించింది.

మిషన్ కొన్నా బీరువా సొరుగులో పడి ఉండడానికి ఒక కారణం దాన్ని సరిగ్గా సరిచేయకపోవడం, అందులో భాష పాత్ర ఎవరూ పట్టించుకోరు. వినికిడి పరీక్షలో బీప్ శబ్దాల తర్వాత మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన తెలుగావిడకి గాజుగది అవతల నుంచి తమిళ పదాలు వస్తాయి. శబ్దం వినబడుతుంది, మాట తెలియదు, ఊరుకుంటుంది. కాగితం మీద అది చెవి తప్పుగా పడుతుంది, మిషన్ వల్ల ఎంత మేలుంటుందన్న అంచనా కూడా దానితో తప్పొచ్చు. తెలుగు పదాల జాబితాలు తయారై ఉన్నాయి. గదిలోకి వెళ్లేముందే అడగాలి, కొడుకో కోడలో పక్కనుంటే వాళ్లు అడగాలి.